సంఘంలో యూత్ పరిచర్య: పేర్ల పుస్తకంతో మొదలుపెట్టండి

కావలికి, సింగరాయకొండకు మధ్య, హైవే నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక చిన్న సంఘంలో 11 ఏళ్లుగా యవ్వనస్థుల పరిచర్య చూస్తున్నాను. ఆదివారం ఆరాధనకు 150 మంది దాకా వస్తారు. మా పాస్టర్ అయ్యగారు నన్ను యూత్ లీడర్‌గా నిలబెట్టిన మొదటి శనివారం చాపల మీద 9 మంది కూర్చున్నారు. ఆ రాత్రి ఇంటికెళ్లి, సంఘంలో 13 ఏళ్ల నుంచి 30 ఏళ్ల లోపు వాళ్లు ఎవరెవరున్నారో గుర్తు తెచ్చుకుంటూ ఒక నోటుబుక్కులో పేర్లు రాశాను. 41 పేర్లు వచ్చాయి.

మిగతా 32 మంది ఏమయ్యారు? దేవుడి మీద మనసు చల్లారి మానేసినవాళ్లు ఏడెనిమిది మందే. మిగిలినవాళ్లలో కొందరు నెల్లూరు, గుంటూరు, విజయవాడ హాస్టళ్లలో ఇంటర్ చదువుతున్నారు. కొందరు చెన్నైలో, హైదరాబాద్‌లో పనిలో ఉన్నారు. కొందరైతే ఊళ్లోనే ఉన్నారు, కానీ మేం పాటలు పాడే వేళకు రొయ్యల చెరువుల దగ్గర, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు చూసుకుంటూ ఉంటారు.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా సంఘాల పరిస్థితి ఇదే. పది పాసవగానే పిల్లలు ఊరు దాటతారు. చాప మీద కూర్చున్నవాళ్లే యూత్ అనుకుంటే ప్రతి జూన్‌లోనూ పరిచర్య మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే నేను చెప్పే పద్ధతి అంతా ఆ పేర్ల పుస్తకం చుట్టూ తిరుగుతుంది.

మొదటి నెల: మీటింగ్ వద్దు, ఇళ్లు తిరగండి

కొత్తగా బాధ్యత తీసుకున్నవాళ్లు చేసే మొదటి పని బ్యానర్ కొట్టించి ప్రారంభ కూడిక పెట్టడం. దాన్ని ఒక నెల ఆపండి. 200 పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. ఒక్కొక్కరికి ఒక పేజీ. పేరు, పుట్టినరోజు, చదువు లేదా పని, ఇప్పుడు ఉంటున్న చోటు, ఊరికి వచ్చే రోజులు, ఇంట్లో ఎవరితో చనువు, సంఘంలో ఎవరితో చనువు. కింద సగం పేజీ ఖాళీగా వదలండి. కలిసినప్పుడల్లా తారీఖు వేసి రెండు ముక్కలు రాయడానికి ఆ ఖాళీ.

ఆ నెలంతా సాయంత్రాలు ఇళ్లకు వెళ్లండి. ఒంటరిగా వద్దు, ఇద్దరు వెళ్లండి. ఆడపిల్ల ఉన్న ఇంటికైతే ఒక అక్కనో పాస్టరమ్మగారినో వెంటబెట్టుకోండి. కూర్చోగానే 'మీవాడు మీటింగుకి రావట్లేదేంటి' అని అడగకండి, ఆ మాటతో ఆ ఇంటి తలుపు మూసుకుంటుంది. టీ ఇస్తే తాగండి, వాళ్లు మాట్లాడుతుంటే వినండి. రాకపోవడానికి కారణం వాళ్లంతట వాళ్లే చెబుతారు. మా ఊళ్లో ఒక కుర్రాడు ఏడాది పాటు రాలేదు. బైకు అమ్మేశారని, మూడు కిలోమీటర్లు నడిచి వస్తే రాత్రి తిరిగి వెళ్లడానికి తోడు లేదని వాళ్లమ్మ చెప్పింది. మేమేమో వాడు చెడిపోయాడని ప్రార్థన చేస్తున్నాం!

అయ్యగారితో, పెద్దలతో ముందే తేల్చుకోవాల్సినవి

పాస్టర్‌గారికి తెలియకుండా ఒక్క కూడిక కూడా పెట్టకండి. యూత్ గ్రూపు వేరు కుంపటిగా మారి సంఘం చీలిపోయిన చోట్లు మనందరికీ తెలుసు. గుడి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఏ రోజు ఏ వేళ మనది, కానుక డబ్బు ఏ లెక్కలో పడుతుంది, బయట నుంచి ప్రసంగీకుణ్ణి పిలవాలంటే ఎవరిని అడగాలి అన్న నాలుగు విషయాలు సంఘపెద్దల దగ్గర కూర్చుని మాట్లాడి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల అయ్యాక 5 నిమిషాలు అయ్యగారితో కూర్చుని ఆ నెల జరిగింది చెప్పండి. ఆ 5 నిమిషాల వల్ల ఎన్ని అపార్థాలు పుట్టకముందే పోతాయో చేసి చూస్తే తెలుస్తుంది.

ఐదుగురిని ఎంచుకోండి

ఒక్కరే పాట పాడి, వాక్యం చెప్పి, చాపలు పరిచి, ఫోన్లు చేస్తే రెండో ఏడాదికి ఆ మనిషి అలిసిపోతాడు. నాకూ అదే జరిగింది. ఐదుగురు చాలు. అందులో ఇద్దరు అమ్మాయిలు ఉండాలి. కనీసం ఒకరు కాలేజీ మొహం చూడని, పనికి వెళ్లే కుర్రాడై ఉండాలి. గ్రానైట్ క్వారీకో పొగాకు పనికో వెళ్లే పిల్లలు ఇంగ్లీషు మీడియం పిల్లల మధ్య వెనక వరుసలో ఒదిగి కూర్చుంటారు. ముందు వరుసలో వాళ్లలాంటి మనిషి ఒకడు కనిపించాలి.

ఈ ఐదుగురికీ మన నేల చరిత్ర చెప్పండి. వేరే దేశం కథలు అవసరం లేదు. 1840లో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు నెల్లూరు వచ్చారు. ఏళ్లు గడిచినా ఫలితం కనపడక, ఆ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున అదే మిషన్‌కు చెందిన జ్యూయెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ఈ ప్రాంతానికి ఒక పనివాణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబుగా, అదే మిషన్ నుంచి క్లౌ దొరగారు కాపురానికి ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో 12 ఏళ్లు. వచ్చేనాటికి ఆయన వయసు 30. ఆయన ఒంగోలు చేరకముందే ఎర్రగుంట్ల పేరయ్య గారనే తోళ్ల వ్యాపారి బాప్తిస్మం పొంది, తన వాళ్ల ఊళ్లలో సువార్త చెబుతున్నారు. ఇక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు కదా, ఆ రోజు నీళ్లలోకి దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. క్లౌ దొరగారు ఒక్కరికి కూడా ఇవ్వలేదు.

మా టీమ్‌కు పని పంచేటప్పుడు నేను ఎప్పుడూ చెప్పేది ఆ వంతుల సంగతే. ఈ నెల వాక్యం చెప్పినవాళ్లు వచ్చే నెల చాపలు పరుస్తారు, చాపలు పరిచినవాళ్లు వాక్యం చెబుతారు. వీలైతే మీ ఐదుగురినీ ఒక తెల్లవారుజామున ఒంగోలులో ఆ కొండ ఎక్కించండి. పైన పెద్ద కార్యక్రమం ఏమీ వద్దు, పుస్తకంలో పేర్లు ఒక్కొక్కటే చదివి ప్రార్థన చేసి దిగి రండి.

వారం వారం కూడిక

రోజు, వేళ మీకు కుదిరేది పెట్టుకోకండి, పుస్తకం చూసి పెట్టండి. మా ఊళ్లో శనివారం సాయంత్రం చదువుకునేవాళ్లకు బాగుండేది, పనివాళ్లకు కుదిరేది కాదు. ఆదివారం రాత్రి 7 గంటలకు మార్చాక ఆరుగురు కొత్తగా వచ్చారు. పొగాకు సీజన్‌లో, కోతల్లో అరగంట ఆలస్యంగా మొదలుపెడతాం.

మొత్తం 75 నిమిషాలు దాటనివ్వకండి. పాటలు 15, ఎవరో ఒకరి సాక్ష్యం లేదా కబురు 10, వాక్యం 20, చిన్న గుంపుల్లో మాటలు 20, చివర ప్రార్థన 10. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఐతుకు అనే కుర్రాడు గుర్తున్నాడా? పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న వాడికి నిద్ర పట్టి, మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. పౌలు వాడిని తిట్టలేదు. ప్రసంగం ఆపి కిందికి దిగి వెళ్లి వాడిని కౌగిలించుకున్నాడు. మన కూడికలో నిద్రపోయేవాడు పొద్దున 6 నుంచి పనిచేసి వచ్చినవాడు కావచ్చు. వాడి పేజీ తీసి చూడండి.

వాక్యానికి ప్రతి వారం కొత్త టాపిక్ వెతుక్కోవద్దు. మార్కు సువార్త తీసుకోండి. 16 అధ్యాయాలు, వారానికి ఒకటి చొప్పున నాలుగు నెలలు. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలుగు బైబిలు గడగడా చదవడం రాదు. ఆ గ్రాంథికం వాళ్లకు కొత్త భాషతో సమానం. గుంపులో 'నువ్వు చదువమ్మా' అని ఒక్కసారిగా అంటే ఆ అమ్మాయి వచ్చే వారం రాదు, ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పదు. చదివేవాళ్లకు రెండు రోజుల ముందే భాగం పంపండి. చదివాక, ఎవరో ఒకరు ఆ కథను మన ఊరి మాటల్లో మళ్లీ చెప్పాలి. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించిన కథను మా రొయ్యల చెరువు కుర్రాడు ఒకసారి చెప్పాడు. 'నలుగురు పట్టుకోబట్టి సరిపోయిందన్నా, ఒక్కడు వదిలేసినా మంచం తిరగబడేది' అన్నాడు. నేను 20 నిమిషాలు చెప్పినా అంత లోతుగా దిగేది కాదు.

చిన్న గుంపుల్లో అబ్బాయిలు వేరు, అమ్మాయిలు వేరు, ఒక్కో గుంపులో ఆరుగురికి మించకుండా. రెండే ప్రశ్నలు: ఈ భాగంలో నీకు అర్థం కానిది ఏంటి? ఈ వారం నీ జీవితంలో ఇది ఎక్కడ తగులుతుంది? లీడర్ జవాబు చెప్పేయకూడదు. మొదటి రెండు నెలలు ఎవరూ నోరు విప్పరు, కంగారు పడకండి.

గుడి వెనక ఒక డబ్బా పెట్టండి. పేరు రాయకుండా ప్రశ్న వేయొచ్చు. మాకు వచ్చినవాటిలో ప్రేమ, వేరే కులంలో పెళ్లి, నాన్న తాగుడు, ఉద్యోగం, బెట్టింగ్ యాప్‌లు ఎక్కువ. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసినా, వాటిలో డబ్బు పోగొట్టుకుని, లోన్ యాప్‌లో అప్పు చేసి, ఇంట్లో చెప్పలేక నలిగిపోయే కుర్రాళ్లు ఉన్నారు. ముందు వాడిని తిట్టకుండా వినండి, తర్వాత అమ్మానాన్నలకు చెప్పేటప్పుడు పక్కన కూర్చోండి.

ఇంకో ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది, కుల ధ్రువీకరణ పత్రం గురించి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగం అన్నీ ఆ కాగితం మీద ఆధారపడి ఉన్న పిల్లకు గుడిలో ఒక పేరు, రికార్డులో ఒక పేరు మోయడం ఎంత బరువో ఆలోచించండి. స్టేజీ మీద నుంచి ఆ పిల్లకు తీర్పు చెప్పకండి. పక్కన కూర్చోబెట్టుకుని చట్టం ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆమె టెన్షన్ ఏంటో పూర్తిగా వినండి, ఆమెతో కలిసి ప్రార్థించండి.

ఊరు దాటినవాళ్లు

నా రెండో ఏడాదిలో ఒక తప్పు చేశాను. మా కూడికలో తబలా వాయించే కుర్రాడు ఇంటర్‌కు విజయవాడ హాస్టల్‌కు వెళ్లాడు. వీడ్కోలు ప్రార్థన చేసి పంపాం. తర్వాత రెండేళ్లలో నేను వాడికి ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. సెలవుల్లో కూడికకు వచ్చి వెనక నిలబడ్డాడు. లోపలికి రారా అంటే, 'ఏందన్నా, నేనింకా మన యూత్‌లోనే ఉన్నానా?' అని అడిగాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. వాడి పేజీ తెరిచి చూస్తే ఆ రెండేళ్లూ ఖాళీ.

అప్పటి నుంచి మేం చేస్తున్నది ఇది.

జూన్‌లో హాస్టళ్లకు వెళ్లే ముందు ఆదివారం, వెళ్లేవాళ్లందరినీ సంఘం ముందు నిలబెట్టి ప్రార్థిస్తాం. ప్రతి ఒక్కరికీ ఊళ్లో ఉండే ఒక తోడు మనిషిని అప్పగిస్తాం, అబ్బాయికి అన్న, అమ్మాయికి అక్క. చాలా హాస్టళ్లలో ఫోన్ ఉండనివ్వరు. వారానికోసారి అమ్మానాన్నలతో మాట్లాడనిస్తారు. ఆ వేళకు తోడు మనిషి ఆ ఇంటికి వెళ్లి చివర్లో రెండు నిమిషాలు మాట్లాడతారు. పిల్లల్ని చూడటానికి అమ్మానాన్నలు వెళ్లే రోజున ఉత్తరం ఇచ్చి పంపుతాం. చేతిరాత ఉత్తరం. పరుపు కింద దాచుకున్నామని పిల్లలు చెప్పారు.

పనికి చెన్నై, హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవాళ్ల విషయంలో మొదటి నెల ముఖ్యం. వాళ్లు దిగే గది దగ్గర తెలుగు ఆరాధన ఎక్కడ జరుగుతుందో ముందే విచారించి, అక్కడి పాస్టర్‌గారికి అయ్యగారి చేత ఫోన్ చేయించండి. ఆ నెల దాటితే ఆదివారం నిద్ర అలవాటైపోతుంది. రాత్రి 9 గంటలకు వారానికోసారి ఫోన్‌లో ప్రార్థన పెట్టుకున్నాం, 30 నిమిషాలు. నలుగురు వచ్చినా నడుపుతాం.

సంక్రాంతి, వేసవి, దసరా, క్రిస్మస్ సెలవులు ఈ పరిచర్యకు పంటకాలం. పెద్ద కార్యక్రమాలన్నీ అప్పుడే పెట్టండి. ఊళ్లో ఉన్నవాళ్లు వచ్చినవాళ్లకు వండిపెట్టాలి. మేం క్రిస్మస్ వారంలో ఒక రాత్రి అందరం కలిసి గుడి ఆవరణలో భోంచేస్తాం. ఆ రాత్రి పుస్తకంలోని పేర్లన్నీ చదువుతాం, రాలేనివాళ్లవి కూడా.

రిజల్ట్స్ రోజు

దీన్ని వేరేగా రాస్తున్నాను, ఎందుకంటే ఇది ప్రాణాలకు సంబంధించింది. ఏప్రిల్‌లో ఇంటర్, పది ఫలితాలు వచ్చే రోజు మీ టీమ్ వేరే పని పెట్టుకోకూడదు. ఎవరు రాశారో పుస్తకంలో ఉంటుంది. పాసైనవాళ్లకు ఫోన్ చాలు. ఫెయిలైనవాళ్ల ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లాలి. రేపు వద్దు.

వెళ్లి వాక్యం చెప్పకండి. 'దేవుడి చిత్తం' అన్న మాట ఆ రాత్రి అసలు అనకండి. ఒక ఇంట్లో అమ్మాయి రెండు సబ్జెక్టులు తప్పింది. మేం వెళ్లేసరికి తల్లి గడపలో కూర్చుని ఉంది, పిల్ల లోపల గడియ పెట్టుకుంది. మాతో వచ్చిన అక్క తలుపు దగ్గర కింద కూర్చుని గంటసేపు ఏవో కబుర్లు చెప్పింది. పిల్ల తలుపు తీసింది. అందరం అక్కడే అన్నం తిన్నాం. మరుసటి రోజు నుంచి డిగ్రీ చదివే ఇంకో అక్క సప్లిమెంటరీకి లెక్కలు చెప్పింది.

పిల్ల చచ్చిపోతానన్నా, ఆ మాట అనకుండా మౌనంగా ముడుచుకుపోయినా ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థనా చేయండి, డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్లండి.

పిల్లల భద్రత, రిట్రీట్లు

18 ఏళ్ల లోపు పిల్లలతో పెద్దవాళ్లెవరూ ఒంటరిగా గదిలో ఉండకూడదు, బైకు మీద ఒంటరిగా దింపకూడదు, రాత్రిపూట మెసేజ్‌లు పెట్టకూడదు. ఈ నియమం ముందు నాకు, తర్వాత అయ్యగారికి, బయట నుంచి వచ్చే ప్రతి ప్రసంగీకుడికి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే సంఘంలో కూర్చుని రాజీ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది. 'సంఘం పరువు పోతుంది' అనే పెద్దలకు ఈ మాట మొదటి నెలలోనే చెప్పి ఉంచండి.

మన తీరంలో రిట్రీట్ అంటే కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు గుర్తొస్తాయి. ఒడ్డున కూర్చుని పాడుకోండి, ప్రార్థించండి, కానీ సముద్రంలోకి దింపకండి. మోకాలి లోతు అన్న మినహాయింపు కూడా ఇవ్వకండి. కాళ్ల కింద ఇసుక లాగేసే అలకు ఈత వచ్చినవాడు కూడా ఆగడు. తల్లిదండ్రుల సంతకం, ఇద్దరు ఆడ లీడర్లు, ఒక వాహనం, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం ఉంటేనే బయల్దేరండి.

డిసెంబరులో క్యారల్స్‌కూ ఇదే జాగ్రత్త. రాత్రి 10 దాటాక మైకు వద్దు, అది నిబంధన, పైగా పక్క ఇంట్లో మంచం పట్టిన పెద్దాయన ఉండొచ్చు. అమ్మాయిలను ఇంటి గడప దాకా దింపి, దింపామని టీమ్‌కు ఫోన్ చేయాలి.

పాటలు, డబ్బు

కీబోర్డు, రిథమ్ ప్యాడ్ కొంటేనే యూత్ వస్తారన్నది నిజం కాదు. వచ్చినా వాయించే నలుగురే ముందుంటారు, మిగతావాళ్లు ప్రేక్షకులైపోతారు. ఒక కొత్త పాట నేర్పితే ఒక పాత కీర్తన కూడా నేర్పండి. నాయనమ్మతో కలిసి పాడగలిగే పాట ఒకటి ప్రతి పిల్లకూ ఉండాలి.

కానుక ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, అప్పుడే రాయాలి, నెలాఖరున అందరి ముందు చదవాలి. 50 రూపాయలైనా సరే. అప్పు చేసి సభలు పెట్టకండి.

పెరగడం ఎలా

టెంటు వేసి పెద్ద మీటింగ్ పెడితే 300 మంది వస్తారు, వచ్చే వారం మళ్లీ అదే 20 మంది మిగులుతారు. మాకు మనుషుల్ని తెచ్చింది పదో తరగతి పిల్లలకు పెట్టిన సాయంత్రం ట్యూషన్. జనవరి నుంచి పరీక్షల దాకా, గుడి వరండాలో, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. ఊళ్లో ఎవరి పిల్లలైనా రావొచ్చు. ట్యూషన్‌కు వచ్చినవాళ్లను కూడికకు రమ్మని బలవంతం చేయం, హిందువుల పిల్లలకైనా ముస్లింల పిల్లలకైనా పాఠం చెప్పి ఇంటికి పంపుతాం. అది ఎర కాకూడదు. మా సొంత సంఘం పిల్లలే, ఎప్పుడూ గుడికి రానివాళ్లు, ఆ వరండాలో లీడర్లకు దగ్గరై తర్వాత లోపలికి వచ్చారు.

కూడికకు 25 మంది దాటితే రెండుగా చేయండి. రెండో గుంపును పక్క ఊళ్లో, ఎవరో ఒకరి ఇంట్లో పెట్టండి. అప్పటికి మీ ఐదుగురిలో ఇద్దరు సిద్ధంగా ఉండాలి. సిద్ధంగా లేకపోతే ఆగండి. మాకు రెండో గుంపు పెట్టడానికి ఆరేళ్లు పట్టింది.

నేను ఈ ఏడాది తప్పుకుంటున్నాను. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఇక యూత్ అని పిలిపించుకోకూడదు. నా తర్వాత లీడర్‌గా ఉండేది, విజయవాడ నుంచి తిరిగొచ్చి వెనక నిలబడిన ఆ తబలా కుర్రాడు. మీరు అప్పగించేటప్పుడు స్టేజీ మీద శాలువా కప్పి వదిలేయకండి. మేం మూడు నెలలుగా కలిసి ఇళ్లు తిరుగుతున్నాం. మొదటి నెల నేను మాట్లాడాను, వాడు విన్నాడు. రెండో నెల వాడు మాట్లాడాడు. ఈ నెల నేను గేటు బయటే నిలబడుతున్నాను. పుస్తకం వాడి చేతిలో ఉంది, ఇప్పుడు 67 పేర్లు.